జీరో బల్బు సున్నా కాదు: రాత్రి వెలుగును కొలవబోయిన కథ

కొన్ని నెలల క్రితం నరసన్నపేటలో ఒక శుభకార్యానికి వెళ్ళాను. భోజనాలయ్యాక ఒక నడివయసు స్త్రీ నన్ను పక్కకు పిలిచింది. రొమ్ము క్యాన్సర్‌కు శస్త్రచికిత్స, ఆ తరువాతి మందులు పూర్తయి ఆమెకు ఏడాది దాటింది. మందుల గురించి ఏదో అడుగుతుందనుకున్నాను. ఆమె అడిగింది వేరు.

“బాబూ, మా అత్త పక్షవాతంతో మంచాన పడ్డ తొమ్మిదేళ్ళూ మా గదిలో జీరో బల్బు తెల్లవార్లూ వెలుగుతూనే ఉండేది. రాత్రి దీపం వేసుకుని పడుకుంటే ఈ జబ్బొస్తుందని ఫోన్లో ఎవరో పంపించారు. అయితే ఇది నేనే తెచ్చుకున్నానా?”

“కాదమ్మా” అన్నాను. ఆమె తల ఊపింది గాని నమ్మినట్టు కనబడలేదు. ఒక్క ముక్కలో చెప్పిన జవాబు ఓదార్పులా వినిపిస్తుందే తప్ప నిజంలా వినిపించదు. ఆ ముక్క వెనుక ఎన్నో ఏళ్ళ పరిశోధన ఉంది. ఎందరో శాస్త్రజ్ఞులు పడకగదిలోని వెలుగును కొలవడానికి చేసిన ప్రయత్నాలు, పడిన పొరపాట్లు, దిద్దుకున్న లెక్కలు ఉన్నాయి. వాటిని ఆమె కోసం, ఆమెలాగే మనసులో కుమిలిపోయే మరికొందరి కోసం ఇక్కడ వరుసగా చెబుతాను.

ముందుగా ఆ జీరో బల్బు సంగతే చూడండి. పేరు జీరో అయినా అది 10 నుంచి 15 వాట్ల విద్యుత్తును వాడుకునేది. పాత కాలపు కరెంటు మీటర్లు అంత స్వల్ప వాడకాన్ని పట్టుకోలేకపోయేవి కాబట్టి దానికి ఆ పేరు వచ్చిందంటారు. మీటరు కదలలేదు కాబట్టి ఖర్చు లేదనుకున్నాం. కొలత సాధనానికి అందనిదాన్ని లేనిదిగా భావించడం ఒక పొరపాటు. కొలవకుండానే ఉందని తీర్మానించడం దానికి ఎదురు పొరపాటు. రాత్రి వెలుగు, రొమ్ము క్యాన్సర్‌ల చరిత్రలో ఈ రెండు పొరపాట్లూ జరిగాయి.

చీకటి హార్మోను

మన మెదడు మధ్యభాగంలో పీనియల్ అనే చిన్న గ్రంథి ఉంది. 1958లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయంలో ఆరన్ లెర్నర్ అనే చర్మవైద్యుడు పశువుల పీనియల్ గ్రంథుల నుంచి ఒక పదార్థాన్ని వేరుచేశారు. కప్ప చర్మాన్ని అది తెల్లబరచేది. బొల్లి వంటి చర్మవ్యాధులకు పనికివస్తుందేమోనన్నది ఆయన ఆశ. ఆ ఆశ ఫలించలేదు గాని ఆయన పెట్టిన మెలటోనిన్ అన్న పేరు నిలిచింది. చీకటి పడ్డాక రక్తంలో పెరిగి, నడిరాత్రి దాటాక శిఖరానికి చేరి, తెల్లవారేసరికి తగ్గిపోయే హార్మోను ఇది. ఇప్పుడు రాత్రి అయిందని శరీరంలోని కణాలకు చాటింపు వేసేది ఇదే.

జంతువుల్లో వెలుగు పడగానే ఈ హార్మోను తగ్గిపోతుందని త్వరలోనే తెలిసింది. మనుషుల్లో మాత్రం చాలాకాలం ఆ ప్రభావం కనబడలేదు. మనిషి దీపానికి అతీతుడని కొందరు భావించారు. 1980లో ఆల్‌ఫ్రెడ్ లూయీ బృందం ఆ భ్రమను తొలగించింది. 2500 లక్స్ వెలుగులో ఉంచినప్పుడు మనుషుల్లోనూ రాత్రి మెలటోనిన్ దాదాపు అణగిపోయింది. 500 లక్స్‌కు అంతటి ప్రభావం కనబడలేదు.

లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకు కొలత. మీటరు దూరంలో ఉన్న కొవ్వొత్తి మన మీద పడవేసే వెలుగు సుమారు ఒక లక్స్. నిండు పున్నమి వెన్నెల 0.3 లక్స్‌కు మించదు. దీపాలు వేసిన గది సాధారణంగా 100 నుంచి 300 లక్స్ మధ్య ఉంటుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ లక్ష లక్స్. కాబట్టి 1980 నాటి ఫలితాన్ని చదివినవారు ఇంటి దీపాలతో భయం లేదని తేల్చుకున్నారు. తరువాతి పరిశోధనల్లో ఆ గీత కిందికి దిగుతూ వచ్చింది. 2011లో 116 మందిపై ప్రచురించిన ప్రయోగంలో, పడుకోబోయే ముందు గంటల్లో 200 లక్స్‌కు లోబడిన మామూలు గది వెలుగు కూడా మెలటోనిన్ రాకను ఆలస్యం చేసిందని తేలింది.

నిద్ర పట్టని ఒక శాస్త్రజ్ఞుడు

ఇక క్యాన్సర్ విషయం. పారిశ్రామిక దేశాల్లో రొమ్ము క్యాన్సర్ ఎందుకంత ఎక్కువగా ఉందన్నది 1980ల నాటి పెద్ద ప్రశ్న. తిండిలోని కొవ్వు కారణమని చాలామంది అనుకున్నారు గాని, పెద్ద అధ్యయనాలు దాన్ని బలపరచలేదు. రిచర్డ్ స్టీవెన్స్ అనే అమెరికన్ పరిశోధకుడు ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే, వీధిదీపం వెలుగు కిటికీలోంచి గదిలోకి ఎంతగా పడుతోందంటే, దాదాపు వార్తాపత్రిక చదువుకోవచ్చుననిపించిందట. పారిశ్రామికీకరణకు అసలు గుర్తు విద్యుద్దీపమే కదా అన్న ఆలోచన అక్కడ మొదలైందని ఆయనే చెప్పుకున్నారు.

పీనియల్ గ్రంథి మందగిస్తే ఈస్ట్రోజన్ ప్రభావం పెరిగి రొమ్ము క్యాన్సర్‌కు దారి తీయవచ్చునని 1978లోనే లాన్సెట్ పత్రికలో ఒక ఊహ వెలువడింది. స్టీవెన్స్ 1987లో ఆ ఊహకు దీపాన్ని జతచేశారు. రాత్రి వెలుగు మెలటోనిన్‌ను తగ్గిస్తుంది, దాని మూలంగా రొమ్ము క్యాన్సర్ ముప్పు పెరగవచ్చు అన్నది ఆయన ప్రతిపాదన. అది నిరూపణ కాదు, పరీక్షించమని వేసిన ప్రశ్న.

పరీక్షలు మొదలయ్యాయి. ఈ ఊహ నిజమైతే వెలుగును గ్రహించలేని అంధ స్త్రీలలో ఈ జబ్బు తక్కువగా ఉండాలి. 1991లో అమెరికా ఆసుపత్రుల రికార్డులను పరిశీలిస్తే అలాగే కనబడింది. 2005లో డేవిడ్ బ్లాస్క్ బృందం స్త్రీల నుంచి పగలు, చీకటి రాత్రి, రాత్రివేళ ప్రకాశవంతమైన వెలుగులో ఉంచిన తరువాత రక్తం సేకరించి, ఎలుకల్లో పెంచిన మానవ రొమ్ము కణితుల గుండా ప్రవహింపజేసింది. చీకటి రాత్రి రక్తం కణితి పెరుగుదలను మందగింపజేసింది. మిగిలిన రెండూ ఆ పని చేయలేదు. అంటే దారి ఉన్నట్టే. అయితే ప్రయోగశాలలో దారి ఉండటం వేరు, మన ఇళ్ళలో ఆ దారిన జబ్బు వస్తోందనడం వేరు. రెండోది తేల్చాలంటే వేలాది స్త్రీల మీద రాత్రి ఎంత వెలుగు పడిందో తెలియాలి. అసలు చిక్కు అక్కడే ఉంది.

మొదటి పద్ధతి: అడిగి తెలుసుకోవడం

అమెరికాలోని సియాటిల్ ప్రాంతంలో స్కాట్ డేవిస్, స్టీవెన్స్ మొదలైనవారు రొమ్ము క్యాన్సర్ వచ్చిన 813 మంది స్త్రీలను, రాని 793 మందిని ప్రశ్నించారు. రాత్రి పూట ఎన్నిసార్లు లేచారు, దీపం వేశారా, గది ఎంత వెలుగుగా ఉండేది, రాత్రి డ్యూటీలు చేశారా అన్నవి ప్రశ్నలు. 2001లో వెలువడిన ఫలితాల్లో రాత్రి డ్యూటీలు చేసినవారిలో ముప్పు ఎక్కువగా కనబడింది. అత్యధిక వెలుగున్న గదుల్లో పడుకున్నవారిలోనూ కొంత సూచన కనబడింది. రాత్రి లేచి దీపం వేసినవారిలో మాత్రం ముప్పు పెరగలేదు. అదే ఏడాది అమెరికా నర్సుల అధ్యయనంలో, 30 ఏళ్ళు లేదా అంతకు మించి రాత్రి డ్యూటీలు చేసినవారిలో ముప్పు సుమారు 36 శాతం ఎక్కువని తేలింది.

2011లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఇటువంటి మరో పరిశీలనలో పడకగది వెలుగుకూ జబ్బుకూ సంబంధం కనబడింది. వార్తలయ్యేవి ఇటువంటి ఫలితాలే. మన ఫోన్లలో తిరిగే సందేశాల మూలాలు కూడా ఇటువంటివే.

ఇందులో లోపం ఏమిటో నరసన్నపేట స్త్రీ ప్రశ్నలోనే ఉంది. జబ్బు చేసిన మనిషి గతాన్ని తవ్వుకుంటుంది. ఏం తిన్నాను, ఎక్కడ పడుకున్నాను, ఏ పాపం చేశాను అని వెతుక్కుంటుంది. కాబట్టి తొమ్మిదేళ్ళ నాటి జీరో బల్బు ఆమెకు గుర్తుంది. పక్కింట్లో అదే బల్బు కింద అన్నేళ్ళూ పడుకుని ఆరోగ్యంగా ఉన్న ఇల్లాలిని అడిగితే ‘ఏమో, గుర్తు లేదు’ అంటుంది. జబ్బున్నవారి జ్ఞాపకం, లేనివారి మరపు కలిసి లేని సంబంధాన్ని ఉన్నట్టు చూపగలవు. అబద్ధం ఎవరూ ఆడకపోయినా లెక్క తప్పుతుంది.

రెండో పద్ధతి: ఆకాశం నుంచి చూడడం

జ్ఞాపకాన్ని నమ్మలేమనుకున్నవారు ఉపగ్రహాలను ఆశ్రయించారు. 2008లో ఇటాయ్ క్లూగ్ బృందం ఇజ్రాయెల్‌లోని 147 జనావాసాల రాత్రి వెలుగును ఉపగ్రహ చిత్రాల నుంచి లెక్కగట్టింది. వెలుగెక్కువ ఉన్న ప్రాంతాల్లో రొమ్ము క్యాన్సర్ ఎక్కువగా కనబడింది. ఊపిరితిత్తుల క్యాన్సర్‌కు అటువంటి సంబంధం లేదు. 2017లో అమెరికా నర్సుల అధ్యయనంలో, ఇంటి బయట అత్యధిక వెలుగున్న ప్రాంతాలవారికి ముప్పు 14 శాతం ఎక్కువని తేలింది.

ఈ పద్ధతిలో జ్ఞాపకం ప్రసక్తి లేదు. కాని పడకగది ప్రసక్తి కూడా లేదు. ఉపగ్రహానికి కనబడేది పైకి పోయే వెలుగు. మీరు ఒక్కసారి ఊహించండి. జాతీయ రహదారి మీదున్న నరసన్నపేట ఆకాశం నుంచి ఒక వెలుగు ముద్దలా కనబడుతుంది. ఆ ముద్ద మధ్యలోనే ఒక పాత పెంకుటింట్లో చెక్క తలుపులు మూసుకుంటే కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి. వంశధార ఒడ్డున ఏదో చిన్న ఊరు ఆకాశం నుంచి నల్లగా కనబడుతుంది. కాని ఆ ఊళ్ళోని ఒకే ఒక్క ఎల్‌ఇడి దీపస్తంభం ఒకరి కిటికీకి ఎదురుగా ఉంటే ఆ గదిలో తెల్లవార్లూ వెలుగే. పైగా వెలుగెక్కువ ఉన్న పట్టణంలో ఆలస్యపు కాన్పులు, తక్కువ పిల్లలు, స్థూలకాయం, పరీక్షా సదుపాయాలు కూడా ఎక్కువే. వాటిని లెక్కలోంచి పూర్తిగా తీసివేయడం సులభం కాదు.

మూడో పద్ధతి: కంటి దగ్గర కొలవడం

శ్రీకాకుళం దాటి వెళ్ళేవారికి అరసవల్లి సూర్యనారాయణ స్వామి ఆలయం తెలియనిది కాదు. ఏటా మార్చి, అక్టోబరు నెలల్లో కొద్ది రోజులపాటు ఉదయపు కిరణాలు నేరుగా గర్భాలయంలోని స్వామి పాదాలను తాకుతాయి. ఆ దృశ్యం కోసం జనం తెల్లవారకముందే బారులు తీరుతారు. ఊరంతా ఎంత ఎండ కాసిందన్నది అక్కడ ప్రశ్న కాదు. ఏ క్షణాన ఏ చోటికి కిరణం చేరిందన్నదే లెక్క. రాత్రి వెలుగు శాస్త్రానికి కావలసింది కూడా అటువంటి కొలతే: ఏ సమయాన, ఏ రకం వెలుగు, ఎంతమేర కంటిని చేరింది?

ఏ రకం అన్న ప్రశ్నకు 2001లో సమాధానం దొరికింది. మెలటోనిన్‌ను అణచడంలో 460 నానోమీటర్ల చుట్టుపక్కల ఉండే నీలికాంతి అన్నిటికంటే బలమైనదని అమెరికాలో బ్రెయినార్డ్ బృందం, ఇంగ్లండులో థాపన్ బృందం విడివిడిగా కనుగొన్నాయి. కంటి రెటీనాలో, చూపుకు కాక దేహ గడియారానికి పనిచేసే ప్రత్యేక కణాలున్నాయనీ, వాటిలోని మెలనాప్సిన్ ఈ నీలికాంతికి స్పందిస్తుందనీ ఆ కాలంలోనే తేలింది. మామూలు లక్స్ మీటరు చూపుకు తగినట్టు, పసుపుపచ్చని వెలుగుకు ప్రాధాన్యమిస్తూ తయారైనది. దానితో దేహ గడియారంపై ప్రభావాన్ని కొలవడం, బియ్యం కొలిచే కుంచంతో బంగారం కొలిచినట్టే. ఈ తేడాను సరిదిద్దే అంతర్జాతీయ ప్రమాణం 2018లో గాని రాలేదు.

న్యూయార్క్ రాష్ట్రంలోని ఒక కాంతి పరిశోధన కేంద్రంలో మార్క్ రీ, మరియానా ఫిగ్యురో తదితరులు 2005 నాటికి డేసిమీటర్ అనే చిన్న పరికరాన్ని రూపొందించారు. అది తలకు తగిలించుకుంటే కంటి పక్కనే ఉండి, గడియారానికి సంబంధించిన వెలుగును, మనిషి కదలికలను నమోదు చేస్తుంది. 2011లో వీరు పగటి ఉద్యోగం చేసే ఉపాధ్యాయినులను ఎంచుకున్నారు. ఉపగ్రహ లెక్కల్లో వెలుగెక్కువ ఉన్న ప్రాంతాలవారూ, తక్కువ ఉన్న ప్రాంతాలవారూ అందులో ఉన్నారు. వారి కిటికీల దగ్గర, గదుల లోపల, ఏడు రోజులపాటు వారి కళ్ళ దగ్గర వెలుగును కొలిచారు.

ఫలితం అందరూ గుర్తుంచుకోదగినది. గదుల్లో వెలుగు చాలావరకు అతి స్వల్పం. ఉపగ్రహం చూపిన వెలుగుకూ ఆ స్త్రీల కంటికి చేరిన వెలుగుకూ సంబంధమే కనబడలేదు. ఉపగ్రహం దేన్ని కొలిచిందో గాని, పడకగదిని మాత్రం కొలవలేదు.

ముందే అడిగితే ఏం తేలింది?

ఇంగ్లండులో మరో మార్గం పట్టారు. జబ్బు వచ్చాక కాక, రాకముందే అడిగారు. జనరేషన్స్ స్టడీ అనే అధ్యయనంలో లక్షా ఐదు వేలమంది స్త్రీలు తమ పడకగది వెలుగు గురించి జవాబిచ్చారు. ఆ ప్రశ్న చాలా సరళమైనది. మీరూ ఈ రాత్రి దీపం ఆర్పి, కళ్ళు అలవాటు పడేదాకా ఆగి పరీక్షించుకోవచ్చు. ఆ వెలుగులో చదవగలరా? చదవలేకపోయినా గది అవతలి గోడ దాకా కనబడుతుందా? అదీ కాకపోతే కంటి ముందు పెట్టుకున్న చెయ్యి కనబడుతుందా? లేక అదీ కనబడదా?

సగటున ఆరేళ్ళపాటు వారిని గమనించి 2018లో ఫలితం ప్రచురించారు. వెలుగున్న గదుల్లో పడుకున్నవారికీ చీకటి గదుల్లో పడుకున్నవారికీ రొమ్ము క్యాన్సర్ ముప్పులో తేడా కనబడలేదు. ఇరవై ఏళ్ళ వయసులో గది ఎలా ఉండేదన్న ప్రశ్నకూ అదే ఫలితం. జ్ఞాపకం తాలూకు పక్షపాతాన్ని తొలగిస్తే పడకగది నేరం నిలబడలేదన్నమాట.

రాత్రి డ్యూటీల సంగతి వేరు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ రాత్రి పనిని 2007లో ‘బహుశా క్యాన్సర్ కారకం’ అన్న వర్గంలో చేర్చింది. 2019లో మళ్ళీ పరిశీలించి అక్కడే ఉంచింది. ఆ వర్గం సాక్ష్యం ఎంత బలమైనదో చెబుతుందే గాని, ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. 2016లో ఇంగ్లండు పరిశోధకులు వెలువరించిన ఒక భారీ విశ్లేషణలో రాత్రి డ్యూటీలకూ రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం కనబడలేదు. కాబట్టి అక్కడ కూడా వాదం ముగియలేదు. మన ఆసుపత్రుల్లో రాత్రంతా కళ్ళు కాయలు కాసేలా మేలుకుని పనిచేసే నర్సమ్మలు, పైడిభీమవరం వంటి చోట్ల షిఫ్టుల్లో పనిచేసేవారు క్రమం తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి. యాజమాన్యాలు ఏళ్ళ తరబడి ఒకరినే రాత్రి డ్యూటీలో ఉంచకుండా చూడాలి. అయితే రాత్రంతా దీపాల కింద నిలబడి పనిచేయడాన్నీ, మూలనున్న చిన్న బల్బు కింద కళ్ళు మూసుకుని నిద్రపోవడాన్నీ ఒకే గాట కట్టకూడదు.

మనం చేయగలిగింది

లెక్క కడితే, రెండు మూడు మీటర్ల దూరంలోని జీరో బల్బు మంచం మీద పడవేసే వెలుగు ఒక లక్స్ అటూ ఇటూ. రంగు పూత ఉంటే ఇంకా తక్కువ. మూసిన కనురెప్పల గుండా అందులో స్వల్పభాగమే లోపలికి పోతుంది, అదీ ఎక్కువగా ఎరుపు రంగు వెలుగు. మనుషుల సున్నితత్వంలో తేడాలున్న మాట నిజమే. 2019 నాటి ఒక పరిశోధనలో మెలటోనిన్ సగానికి తగ్గడానికి ఒకరికి 6 లక్స్ చాలితే మరొకరికి 350 లక్స్ కావలసి వచ్చింది. అయినా పడుకోబోయే ముందు మూడు గంటలపాటు ట్యూబులైటు కింద టీవీ, ఫోను చూడడంతో పోలిస్తే ఈ బల్బు చాలా చిన్నది.

రాత్రి వెలుగు తగ్గించుకోవడం మంచిదే, ముఖ్యంగా నిద్ర కోసం. పడుకునే ముందు పెద్ద దీపాలు ఆర్పండి. వీధిదీపం కిటికీలోంచి ముఖాన పడుతుంటే దళసరి తెర వేయండి, లేదా మంచం దిశ మార్చండి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను విరుచుకుపడిన తరువాత, కరెంటు లేని రాత్రుల్లో మన జిల్లా జనం ఎన్నాళ్ళకో నిండా నక్షత్రాలు చూశారు. మనం వెలుగుకు ఎంతగా అలవాటు పడ్డామో ఆ చీకటి చెప్పింది. కాని చీకటిని మూఢంగా పాటించవద్దు. ఇంట్లో వృద్ధులుంటే స్నానాలగది దారిలో నేలకు దగ్గరగా ఒక మసక పసుపు దీపం ఉండనివ్వండి. చీకట్లో కాలు జారి తుంటి ఎముక విరిగితే అది ప్రాణాంతకమే. పల్లెల్లో రాత్రి టార్చిలైటు లేకుండా బయటికి వెళ్ళకండి. కట్లపాము కాటు సంగతి మీకు నేను చెప్పాలా?

2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మంది స్త్రీలకు కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందనీ, 98 వేలమంది మరణించారనీ అంతర్జాతీయ అంచనా. ఆ మరణాల్లో చాలావాటికి జబ్బును ఆలస్యంగా గుర్తించడమే కారణం. రొమ్ములో నొప్పి లేని గడ్డ, చర్మం సొట్టపడటం, చనుమొన లోపలికి పోవడం, రక్తం కారడం, చంకలో బిళ్ళ, వీటిలో ఏది కనబడినా వారం తిరక్కుండా డాక్టరును కలవండి. ముప్పై ఏళ్ళు దాటిన స్త్రీలకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో ఈ పరీక్ష చేస్తారు. అడగడానికి సిగ్గుపడకండి.

ఇక నన్ను అడిగిన ఆ తల్లికి నా జవాబు. అమ్మా, తొమ్మిదేళ్ళు నువ్వు వెలిగించిన బల్బు ఒక వృద్ధురాలు రాత్రివేళ భయపడకుండా ఉండడానికి. లక్ష మంది స్త్రీలను ముందుగా అడిగి, ఏళ్ళపాటు గమనించిన లెక్క దానిని నిందితురాలిగా నిలబెట్టలేదు. ఆ ఫోను సందేశాన్ని తీసివేయి. మళ్ళీ పరీక్షకు రమ్మన్న తారీఖు మాత్రం మరచిపోకు.